గ్రూపులో 180 మంది, మాట్లాడేది నలుగురు: ఏ పద్ధతి ఎవరికి పనికొస్తుంది?

రాత్రి 9.40. టీచర్ ఉద్యోగాల పరీక్షలైన టెట్, డీఎస్సీకి చదివేవాళ్ల కోసం ఉచితంగా నడుపుతున్న వాట్సాప్ గ్రూపులో ఒక ప్రశ్న పెట్టాను. వెడల్పాటి గ్లాసులోని నీళ్లను సన్నటి పొడుగు గ్లాసులో పోస్తే నీళ్లు పెరగలేదని పిల్లలు ఏ దశలో గ్రహిస్తారు? పిల్లల ఆలోచన ఏయే దశల్లో ఎదుగుతుందో చెప్పిన పియాజే పాఠం ముందురోజే అయింది. పావుగంటలో 112 మంది చూశారు. జవాబు పెట్టింది ముగ్గురు. ఆ ముగ్గురూ రోజూ పెట్టేవాళ్లే. ఇంతలో ఫోను పైన నోటిఫికేషన్ మెరిసింది: "మూర్త ప్రచాలక దశ అనుకుంటా అక్కా". తెరిచేసరికి ఆ అమ్మాయి డిలీట్ చేసేసింది.

జవాబు కరెక్టే. మర్నాడు ఫోన్ చేసి అడిగితే "అంతమందిలో తప్పయితే బాగోదు కదా అక్కా" అంది.

చదువుకునే గ్రూపు నడిపినవాళ్లకి ఇది తెలిసిన కథే. మొదటి వారం హడావిడి. రెండో వారం నుంచి పీడీఎఫ్‌లు. మూడో వారానికి గుడ్ మార్నింగ్ పువ్వులు. అప్పుడు తలా ఒక సలహా ఇస్తారు: రోజూ క్విజ్ పెట్టు, జూమ్ పెట్టు, పాయింట్లు ఇవ్వు, మాట్లాడనివాళ్లని తీసేయ్. అన్నీ ఒకేసారి మొదలుపెడితే అందరికంటే ముందు అలిసిపోయేది మీరే. ఒక్కో బ్యాచ్‌లో ఒక్కోటి చొప్పున ఆరు పద్ధతులు నేను చేసి చూశాను. రెండింట్లో చెయ్యి కాల్చుకున్నాను. ఏది ఎవరికి కుదురుతుందో నాకు అర్థమైనంత మేరకు చెబుతాను.

ముందు ఒక ఊరట. ఈ మౌనం మన గ్రూపులకే పట్టిన జబ్బు కాదు. వెబ్‌సైట్లను జనం ఎలా వాడతారో పరిశీలించే జేకబ్ నీల్సన్ 2006లో ఒక ఉజ్జాయింపు లెక్క చెప్పాడు: ఆన్‌లైన్ సమూహాల్లో దాదాపు 90 శాతం మంది చూసి ఊరుకుంటారు, 9 శాతం అప్పుడప్పుడూ పలుకుతారు, సందడంతా మిగిలిన ఒక్క శాతానిదే. పైగా చూసి ఊరుకునేవాళ్లు నేర్చుకోవడం లేదనుకోకండి. టెట్‌కి బందూరా పేరుతో మనం చదివే పరిశీలనాభ్యసనం, అంటే చూసి నేర్చుకోవడం, అదే కదా. కాబట్టి అందరి చేతా మాట్లాడించాలని పెట్టుకోవద్దు. మాట నోటిదాకా వచ్చి వెనక్కి పోయేవాళ్లు ఉంటారు చూడండి, ఆ డిలీట్ చేసినవాళ్లు, వాళ్లే మన గురి.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

మౌనం అందరిదీ ఒకటి కాదు. నేను పదిమందికి విడివిడిగా ఫోన్ చేసి అడిగితే నాలుగు రకాల జవాబులు వచ్చాయి. ఎక్కువమందిది భయం: తప్పయితే నవ్వుతారని. కొందరిది ఇల్లు: వంటయి, పిల్లలు పడుకుని, ఫోను చేతికొచ్చేసరికి చర్చ అయిపోయి ఉంటుంది. కొందరిది టైపింగు: తెలుగు కీబోర్డు అలవాటు లేదు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తే చదువురానివాళ్లం అనుకుంటారేమోనని సిగ్గు. నాలుగోది నేను ఊహించనిది. "మా జిల్లావాళ్లే పాతికమంది ఉన్నారు. నా దగ్గరున్న బిట్లు నేనెందుకు పెట్టాలి?" అన్నాడు ఒకాయన. డీఎస్సీ పోస్టులు జిల్లాల వారీగా భర్తీ అవుతాయి కాబట్టి ఆయన భయంలో న్యాయం లేకపోలేదు.

అందుకే ఏ పద్ధతినైనా ఈ ఐదు ప్రశ్నలతో తూచి చూస్తాను:

- మొదటిసారి నోరు విప్పడానికి ఎంత ధైర్యం కావాలి?
- తీరిక దొరికినప్పుడు చేయొచ్చా, లేక ఆ గంటకే హాజరు కావాలా?
- నడిపేవాళ్లకి రోజుకి ఎంత పని?
- నెల దాటాక కూడా నిలుస్తుందా?
- చదువు తలకెక్కుతుందా, లేక ఊరికే సందడేనా?

చివరి ప్రశ్నని చాలామంది మరిచిపోతారు. గ్రూపులో రోజుకి మూడొందల మెసేజ్‌లు వస్తున్నాయని మురిసిపోయిన రోజులు నాకూ ఉన్నాయి. అందులో రెండొందలు "థాంక్యూ సార్", "ఓకే మేడమ్".

## 1. రోజుకో క్విజ్ పోల్

గేటు తీయడానికి ఇంతకంటే తేలికైనది లేదు. ఒక ప్రశ్న, నాలుగు ఆప్షన్లు, ఒక్క నొక్కు. టైపింగు అక్కర్లేదు, గొంతు అక్కర్లేదు, రాత్రి పదకొండుకైనా నొక్కొచ్చు.

అయితే ఎక్కడ పెడుతున్నారో చూసుకోండి. టెలిగ్రామ్‌లో 2020 జనవరి నుంచి క్విజ్ రకం పోల్ ఉంది. కరెక్టు ఆప్షన్ ముందే గుర్తించి పెట్టొచ్చు, నొక్కగానే తప్పో ఒప్పో తెలుస్తుంది, కింద రెండు ముక్కల వివరణ కూడా జోడించొచ్చు. అనామకంగా పెడితే ఎవరు ఏది నొక్కారో ఎవరికీ తెలియదు. వాట్సాప్‌లో 2022 చివర్లో వచ్చిన పోల్‌లో ఎవరు దేనికి ఓటేశారో పేర్లతో సహా కనిపిస్తుంది. భయపడేవాళ్ల విషయంలో ఈ చిన్న తేడాయే పెద్దది. నా గ్రూపులో అదే రకం ప్రశ్నకి వాట్సాప్‌లో పాతికమంది నొక్కితే టెలిగ్రామ్‌కి మారాక తొంభై మంది దాకా నొక్కారు.

దీని లోపం కూడా అక్కడే ఉంది. నొక్కి వెళ్లిపోతారు. వేలు కదిలింది, మాట కదల్లేదు. ఇక్కడ నాకు పనికొచ్చిన ఉపాయం హార్వర్డ్ ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మాజుర్‌ది. 1990లలో ఆయన క్లాసులో ఒక ప్రశ్న వేసి ఓట్లు తీసుకునేవాడు, జవాబు చెప్పకుండా పక్కవాళ్లతో వాదించుకోమనేవాడు, మళ్లీ ఓట్లు తీసుకునేవాడు. నేనూ అదే చేస్తాను. సాయంత్రం మామూలు పోల్ పెట్టి కరెక్టు జవాబు గుర్తించను. ఓట్లు రెండు ఆప్షన్ల మధ్య చీలితే "మూర్త అన్నవాళ్లు ఒక్క కారణం చెప్పండి, పూర్వ ప్రచాలక (దానికి ముందు దశ) అన్నవాళ్లు ఒకటి" అని వదిలేస్తాను. తెల్లారి అదే ప్రశ్నతో క్విజ్ పోల్. తనలాగే ఇంకో నలభై మంది అదే తప్పు నొక్కారని కనిపించినప్పుడు మనిషికి నోరు లేస్తుంది.

ఓట్లు చీలాలంటే తప్పు ఆప్షన్లు కూడా ఆలోచించి పెట్టాలి. చదివేవాళ్లు నిజంగా తికమకపడేదే పెట్టాలి తప్ప ఎవరూ నొక్కని ఆప్షన్ పెట్టి లాభం లేదు.

ఇంకొకటి. జవాబు చెప్పేయడానికి తొందరపడకండి. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలో తరగతి గదుల్ని టేపుల్లో రికార్డు చేసి గమనించింది. టీచర్లు ప్రశ్న అడిగి సగటున ఒక్క సెకను ఆగుతున్నారు. అదే మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవయ్యాయి, అంతకుముందు పలకని పిల్లలు పలికారు. గ్రూపులో మూడు సెకన్లంటే ఒక రాత్రి. అది తెలియక నేను పావుగంటకే జవాబు పెట్టేసేదాన్ని. వంటింట్లో ఉన్నవాళ్లకి ఫోను చూసే టైమే ఇవ్వలేదన్నమాట.

## 2. లైవ్‌లో డౌట్ల గంట

కోచింగ్ సెంటర్ల నుంచి వచ్చినవాళ్లకి ముందు తట్టేది ఇదే. గూగుల్ మీట్‌లో ముగ్గురు అంతకంటే ఎక్కువ మంది ఉంటే ఉచిత ఖాతాకి గంట, జూమ్‌లో నలభై నిమిషాలు. ఒక గంటలో నివృత్తి అయ్యే డౌట్లు టెక్స్టులో మూడు రోజులు సాగుతాయి, అది నిజమే.

కానీ ఎవరు మాట్లాడతారో చూడండి. "మైక్ ఆన్ చేసుకోండమ్మా" అంటే నిశ్శబ్దం. ఒకమ్మాయి అసలు సంగతి తర్వాత చెప్పింది: హాల్లో మామగారు టీవీ చూస్తుంటారు, బెడ్‌రూమ్‌లో బాబు పడుకున్నాడు, బాల్కనీలో నిలబడి వింటోంది. ఆ మనిషిని మైక్‌లో మాట్లాడమంటే ఎలా? ఊళ్లో సిగ్నల్ సరిగ్గా లేనివాళ్లకి, రోజువారీ డేటా సాయంత్రానికే అయిపోయేవాళ్లకి ఇది మొత్తంగా అందదు. లైవ్ క్లాసులో మాట్లాడేది ఎప్పుడూ గ్రూపులో మాట్లాడేవాళ్లే.

దీన్ని బాగుచేసే దారి ఒకటుంది. డౌట్లు ముందే మీకు విడిగా పంపమనండి, గొంతు మెసేజ్ అయినా సరే. పేరు చెప్పకుండా మీరే చదవండి. ఒకసారి రాత్రి పదకొండుకి ఒకామె నాకు విడిగా వాయిస్ పంపింది: "అక్కా, పునర్బలనానికీ శిక్షకీ తేడా నాకు ఎప్పుడూ తారుమారవుతుంది, రుణాత్మక పునర్బలనం అంటే శిక్షే కదా?" పేరు లేకుండా మర్నాడు గ్రూపులో పెడితే పద్నాలుగు మంది "నాకూ అదే డౌట్" అన్నారు. ఆ పద్నాలుగు మందిలో పదిమంది అంతకుముందు ఎప్పుడూ ఏమీ రాయనివాళ్లు. నేను చెప్పిన వివరణ కంటే ఆ "నాకూ" అన్న ముక్కే వాళ్లకి ఎక్కువ పనికొచ్చిందనిపించింది. (రుణాత్మక పునర్బలనం శిక్ష కాదు. బాధ కలిగించేదాన్ని తీసేసి ప్రవర్తనని పెంచడం అది, శిక్ష ప్రవర్తనని తగ్గిస్తుంది. పరీక్షలో ఇది అడుగుతూనే ఉంటారు.)

వారానికి ఒక్కసారి చాలు. రోజూ లైవ్ అంటే మూడో వారానికి పదిమంది కూడా మిగలరు.

## 3. ఐదుగురి జట్లు

నా ఓటు దీనికే. కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను.

రింగెల్‌మన్ అని ఫ్రాన్సులో ఒక వ్యవసాయ ఇంజనీరు. మనుషుల చేత తాడు లాగించి బలాన్ని కొలిచి, 1913లో ఆ లెక్కలు ప్రచురించాడు. ఒక్కడే లాగినప్పటి బలంతో పోలిస్తే ఎనిమిది మంది కలిసి లాగేటప్పుడు ఒక్కొక్కరు పెట్టే బలం దాదాపు సగానికి పడిపోయింది. మనకి కొత్త సంగతేం కాదు. పదిమందిలో పాము చావదని మనవాళ్లు ఎప్పుడో అన్నారు. 180 మంది ఉన్న గ్రూపులో ప్రశ్న వేస్తే అది ఎవరికీ వేసినట్టు కాదు. ఐదుగురిలో వేస్తే నలుగురు మీ వంకే చూస్తుంటారు.

ఎలా విడగొట్టాలన్నదాంట్లోనే అసలు కిటుకు. మొదటిసారి నేను జిల్లాల వారీగా చేశాను. పరిచయాలు త్వరగా అవుతాయనుకున్నాను. అయ్యాయి, కానీ పైన చెప్పిన ఆయన బాధ నిజమైంది. ఒకే పోస్టుకి పోటీపడేవాళ్లు ఒకరికొకరు నోట్సు ఇచ్చుకోరు. రెండోసారి తీరిక దొరికే టైముని బట్టి చేశాను: తెల్లవారుజామున చదివేవాళ్లు ఒక జట్టు, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య వీలయ్యేవాళ్లు ఒకటి, రాత్రి పదిన్నర బ్యాచ్ ఒకటి. ఒక్కో జట్టులో జిల్లాలు కలిసేట్టు చూశాను. శ్రీకాకుళం అమ్మాయి చిత్తూరు అమ్మాయికి నోట్సు ఫోటో పంపడానికి ఏం ఆలోచిస్తుంది? ఎస్‌జీటీకి (సెకండరీ గ్రేడ్ టీచర్) చదివేవాళ్లనీ స్కూల్ అసిస్టెంట్‌కి చదివేవాళ్లనీ కలిపినా ఇదే లాభం, పోస్టులు వేరు కదా.

పని కూడా చిన్నదిగా, ఎవరిది వాళ్లకి తెలిసేట్టు ఉండాలి. "ఈ వారం సైకాలజీ చర్చించుకోండి" అంటే ఏమీ జరగదు. "ఆదివారానికి ఒక్కొక్కరు రెండు బిట్లు తయారుచేసి జట్టులో అడగాలి. వాటిలో మీ జట్టుకి నచ్చిన ఒక్కటి పెద్ద గ్రూపుకి పంపాలి." ఇలా చెబితే జరుగుతుంది. పెద్ద గ్రూపులో ఆ బిట్ జట్టు పేరుతో వస్తుంది, మనిషి పేరుతో రాదు. తప్పయినా ఐదుగురిదీ తప్పు.

కష్టాలు లేకపోలేదు. మూడోవంతు జట్లు నెల తిరక్కుండా చచ్చిపోతాయి. ఒకరు మానేస్తే మిగతా నలుగురు డీలా పడతారు. రెండు వారాలకోసారి చూసి, చల్లారినవాటిని పక్క జట్టులో కలిపేయాలి. ఈ కలపడం, విడదీయడం, ఎవరు ఎక్కడున్నారో ఎక్సెల్‌లో రాసుకోవడం నా ఆదివారం పొద్దుటిని తినేస్తుంది. మీకు ఆ తీరిక లేకపోతే దీని జోలికి పోకండి.

ఆడపిల్లలు ఉన్న గ్రూపు నడిపేవాళ్లు మరో సంగతి గుర్తుపెట్టుకోవాలి. వాట్సాప్ గ్రూపులో చేరితే నంబర్ మిగతావాళ్లకి కనిపిస్తుంది. ఒక బ్యాచ్‌లో ఇద్దరమ్మాయిలు చెప్పాపెట్టకుండా వెళ్లిపోయారు. ఆరా తీస్తే గ్రూపులోంచి నంబర్ తీసుకుని ఎవరో రోజూ "హాయ్" పంపుతున్నాడట. తప్పు నాది, చేర్చుకునేటప్పుడు ఆలోచించలేదు. ఇప్పుడు టెలిగ్రామ్‌లో నంబర్ దాచుకునే సెట్టింగ్ ఎక్కడుందో మొదటిరోజే స్క్రీన్‌షాట్ పెడతాను. ఆడవాళ్ల జట్టే కావాలంటే కారణం అడక్కుండా ఇస్తాను.

## 4. వంతులవారీగా పాఠం చెప్పించడం

చెప్పేవాళ్లకే ఎక్కువ వస్తుందని టీచరైన ప్రతివాళ్లకీ తెలుసు. ఈ పద్ధతి మన నేల మీదే ఉండేది. 1790లలో మద్రాసులో మిలటరీ అనాథ బాలుర ఆశ్రమాన్ని చూసుకునే ఆండ్రూ బెల్, ఇక్కడి పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దుతూ ఒకరికొకరు నేర్పుకోవడం చూశాడు. తన బడిలోనూ పిల్లల చేతే పిల్లలకి చెప్పించాడు. 1797లో దాని గురించి లండన్‌లో పుస్తకం అచ్చేశాడు. ఇంగ్లండులో అది మద్రాసు పద్ధతి అన్న పేరుతోనే వ్యాపించింది.

గ్రూపులో దీన్ని సూటిగా పెడితే పారిపోతారు. "రేపు మీరు క్లాసు చెప్పాలి" అంటే జ్వరాలొస్తాయి. మెట్లు కావాలి. నేను వేసిన మొదటి మెట్టు: "ఈ ప్రశ్నకి సి జవాబు. ఎ ఎందుకు కాదో రెండు లైన్లు రాయండి." కరెక్టు జవాబు ముందే చెప్పేశాం కాబట్టి తప్పవుతుందన్న భయం సగం పోతుంది. రెండో మెట్టు, జట్టు ఐదుగురికి మూడు నిమిషాల వాయిస్ నోట్. మూడోది, శనివారం పెద్ద గ్రూపులో ఒక చిన్న భావన.

జవాబు డిలీట్ చేసిన అమ్మాయి రాత్రి పదిన్నర జట్టులో ఉండేది. ఏడో వారం శనివారం వంతు తనకొచ్చింది. పాత్ర మారినా నీళ్లు మారవన్న ఆ పదిలపరచుకునే భావనే తీసుకుంది. వంటింటి గట్టు మీద ఒక వెడల్పాటి స్టీలు గ్లాసు, పక్కన ఒక సన్నటి గాజు గ్లాసు, రెండు ఫోటోలు. తన నాలుగేళ్ల పాపని "ఏ గ్లాసులో ఎక్కువున్నాయే" అని అడిగితే "పొడుగుదాంట్లో" అంటున్న ఆడియో. ఆ తర్వాత తన గొంతుతో రెండు నిమిషాల వివరణ, వెనక కుక్కర్ విజిల్. ఆ రోజు గ్రూపులో వచ్చినన్ని ప్రశ్నలు నా ఏ పాఠానికీ రాలేదు.

ఒక్క జాగ్రత్త. చెప్పినదాంట్లో తప్పుంటే గ్రూపులో సరిదిద్దకండి. విడిగా చెప్పండి, వాళ్లనే మళ్లీ పోస్టు చేయనివ్వండి. తప్పు సమాచారం ఒక గంట గ్రూపులో ఉంటే వచ్చే నష్టం కంటే ఒక మనిషి శాశ్వతంగా నోరు మూసుకుంటే వచ్చే నష్టం ఎక్కువ.

## 5. పాయింట్లు, ర్యాంకులు

ఇక్కడే నా చెయ్యి బాగా కాలింది. ప్రతి ఆదివారం ర్యాంకుల పట్టిక పెట్టేదాన్ని. మొదటి రెండు వారాలు గ్రూపు హోరెత్తిపోయింది. మూడో వారం నుంచి మొదటి పదిమంది మాత్రమే ఆడుతున్నారు. అట్టడుగున పేరు చూసుకున్నవాళ్లు ఒక్క మాట అనకుండా తప్పుకున్నారు. నెలలో పంతొమ్మిది మంది.

పునర్బలనం పనిచేయాలి కదా, సైకాలజిస్టు స్కిన్నర్ అదే కదా చెప్పింది అంటారు. పనిచేస్తుంది, బహుమతి ఉన్నన్నాళ్లు. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ చేసిన ప్రయోగం ఉంది. బొమ్మలు వేయడం ఇష్టపడే నర్సరీ పిల్లల్లో కొందరికి, వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. తర్వాత తీరిక వేళలో చూస్తే, ఆ పిల్లలు మిగతావాళ్లకంటే బాగా తక్కువసేపు బొమ్మలేశారు. ముందు చెప్పకుండా చివర్లో సర్టిఫికెట్ ఇచ్చిన పిల్లల్లో ఆ తగ్గుదల లేదు. నేను తీసుకున్న పాఠం: ముందే ప్రకటించిన పాయింట్ల కంటే, అనుకోకుండా "నిన్న మీరు రాసిన ఉదాహరణ వల్ల నాకే కొత్త విషయం తెలిసింది" అని విడిగా పంపే మెసేజ్ మేలు.

ప్రోగ్రామర్లు ప్రశ్నలడిగే స్టాక్ ఓవర్‌ఫ్లో సైటులో 2008 నుంచి పాయింట్లతోనే నడుస్తోంది కదా అని ఒక సాఫ్ట్‌వేర్ తమ్ముడు వాదించాడు. అక్కడ పాయింట్లు ఎక్కువగా వచ్చేది తెలిసినవాళ్లకి, వాళ్లు జవాబు చెప్పడానికి. మన గ్రూపుల్లో ఉన్నది ఇంకా నేర్చుకుంటున్నవాళ్లు.

ర్యాంకులు పనికొచ్చే కాలం ఒకటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చింది, జూన్‌లో పరీక్షలు మొదలయ్యాయి. ఆ నెలన్నరలో ఎవర్నీ కదిలించాల్సిన పని లేదు, అందరూ పరుగులోనే ఉంటారు. అప్పుడు మాక్ టెస్ట్ ర్యాంకు ఇస్తే అడిగి మరీ తీసుకుంటారు. అప్పుడైనా పట్టిక మొత్తం పెట్టకుండా ఎవరిది వాళ్లకి పంపండి, పోయినసారి మార్కు పక్కన ఈసారి మార్కు వేసి.

## 6. "రాయకపోతే తీసేస్తాం"

రెండు ముక్కల్లో చెప్పొచ్చు. రూలు పెట్టిన రోజు నుంచి "ఓకే", "గుడ్", బొటనవేలు గుర్తులు వరదలా వస్తాయి. చదువు రాదు. బాలింతలు, నైట్ డ్యూటీ వాళ్లు, పొలం పనుల రోజుల్లో రాలేనివాళ్లు ముందు పోతారు. ఫీజు కట్టిన బ్యాచ్‌లో వారానికొక అసైన్‌మెంట్ తప్పనిసరి అనడం వేరు, దానికి అర్థం ఉంది. చర్చని తప్పనిసరి చేయలేం.

## ఒక్క చూపులో

| పద్ధతి | కావాల్సిన ధైర్యం | తీరిక వేళ చేయొచ్చా | నడిపేవాళ్ల పని | నెల తర్వాత | తలకెక్కడం |
|---|---|---|---|---|---|
| క్విజ్ పోల్ | చాలా తక్కువ | అవును | రోజుకి 15 నిమిషాలు | నిలుస్తుంది | రెండుసార్లు అడిగితే బాగానే |
| లైవ్ డౌట్లు | ఎక్కువ | కాదు | వారానికి 2 గంటలు | తగ్గిపోతుంది | వచ్చినవాళ్లకి బాగా |
| ఐదుగురి జట్లు | కొంచెం | అవును | మొదట్లో చాలా, తర్వాత వారానికి 3 గంటలు | మూడింట రెండొంతులు | బాగా |
| వంతుల పాఠం | ఎక్కువ, మెట్లుంటే తక్కువ | అవును | మధ్యస్థం | నిలుస్తుంది | అన్నింటికంటే బాగా |
| ర్యాంకులు | పైవాళ్లకి లేదు, కిందవాళ్లకి చాలా | అవును | తక్కువ | పదిమందే మిగులుతారు | పరీక్ష ముందు మాత్రమే |
| తప్పనిసరి రూలు | లెక్కలోకి రాదు | కొంతవరకు | పోలీసు పని | గొడవలు | లేదు |

గంటలు నా గ్రూపు లెక్కలు. మీ సైజుని బట్టి మారతాయి.

## మీరు ఎవరు?

ఒక్కరే, ఉద్యోగం చేస్తూ, సరదాకో సేవకో నడుపుతుంటే: క్విజ్ పోల్‌తో మొదలుపెట్టండి, నెలరోజులు దాంతోనే ఉండండి. సాయంత్రం పోల్, తెల్లారి క్విజ్, అంతే. ఎవరు క్రమంగా నొక్కుతున్నారో టెలిగ్రామ్ అనామక పోల్‌లో తెలియదు కాబట్టి, చర్చలో ఒక్క లైను రాసినవాళ్ల పేర్లు నోట్‌బుక్‌లో పెట్టుకోండి. పదిహేను పేర్లు దాటాక వాళ్లతో మూడు జట్లు చేయండి. మిగతా 165 మందిని అలాగే ఉండనివ్వండి.

ఐదొందల పైన ఉన్న ఫీజు బ్యాచ్ అయితే: మీకు జట్లు తప్ప దారి లేదు, కానీ మీరొక్కరే చేయలేరు. పోయిన బ్యాచ్‌లో క్వాలిఫై అయినవాళ్లని జట్టుకొకరిని పెట్టండి, ఊరికే కాదు, ఎంతో కొంత ఇచ్చి. వాళ్లని "సార్" అనకుండా "అన్నా", "అక్కా" అని పిలవనివ్వండి. సార్‌ని అడగలేని ప్రశ్న అన్నని అడుగుతారు. లైవ్ మీరే చేయండి, జనం ఫీజు కట్టింది మీ గొంతు కోసమే.

కాలేజీ లెక్చరర్ అయితే: మీ ఇబ్బంది వేరు. గ్రూపులో ఉన్నది పొద్దున క్లాసులో చూసిన మొహాలే. తప్పు రాస్తే రేపు క్యాంటీన్‌లో వెక్కిరిస్తారు. పోల్ అనామకంగా ఉంటేనే నొక్కుతారు. క్లాసులో ప్రొజెక్టర్ మీద ఓట్లు చూపించి పక్కవాళ్లతో వాదించుకోమంటే, మాజుర్ పద్ధతి ఉన్నది ఉన్నట్టు మీకే సరిపోతుంది. రాత్రి గ్రూపులో మాట్లాడించే కష్టం ఎందుకు?

ఇంటి బాధ్యతలున్న ఆడవాళ్లే ఎక్కువైతే: లైవ్ తీసి పక్కన పెట్టండి. వాయిస్ నోట్స్, టైము జట్లు. ఏ ప్రశ్నకైనా ఇరవైనాలుగు గంటల గడువు.

మీరు నడిపేవాళ్లు కాదు, ఆ మూగ 90 శాతంలో ఒకరైతే: గ్రూపు మారడం కంటే ముందు ఒకటి చేసి చూడండి. రోజూ మాట్లాడే నలుగురిలో ఒకరికి విడిగా మెసేజ్ పెట్టి, వాళ్లు నిన్న రాసినదాంట్లో మీకు అర్థం కానిది అడగండి. ఎక్కువమంది సంతోషంగా చెబుతారు. ఆ తర్వాత గ్రూపులో వాళ్ల పోస్టు కింద "ఇది నాకు ఫలానా ఉదాహరణతో అర్థమైంది" అని ఒక్క లైను. జవాబు చెప్పడం కాదు కాబట్టి తప్పయ్యే ప్రసక్తే లేదు. తెలుగు టైపింగు ఇబ్బందయితే కీబోర్డులో మైకు గుర్తు నొక్కి మాట్లాడండి, గూగుల్ కీబోర్డు జీబోర్డ్ తెలుగు బాగానే రాస్తుంది. "ప్రచాలక" లాంటి మాటలు మాత్రం పంపేముందు ఒకసారి చూసుకోండి, నాకు ఒకసారి "ప్రచారక దశ" అని పడింది. మర్నాటి దాకా ఎవరూ గమనించలేదు.